దూది కనపడకుండా చేసిన ఆపరేషన్

రిటైరవడానికి మూడేళ్ల ముందు, పత్తి సీజన్ మొదట్లో, నన్ను ఎమ్మిగనూరుకు కంటి అధికారిగా వేశారు. పేరు పెద్దది, పని చిన్నది. మేము డాక్టర్లం కాము. టార్చి వేసి కళ్లు చూడడం, శుక్లం ముదిరినవాళ్లను ఏరడం, బీపీ, షుగర్ చూసి వ్యాన్‌లో ఆదోనికి ఆపరేషన్‌కు పంపడం, ఇంతవరకే మా పని. జనం మాత్రం కంటి డాక్టరనే పిలిచేవాళ్లు. నేను ఒక్కరోజూ సరిదిద్దలేదు, వినడానికి బాగుంటుంది కదా.

ఆ ఏడాది నా ప్రాణం తీసిన పేషెంటు నాగప్ప. యాభై దాటిన చేనేత కార్మికుడు. రెండు కళ్లలోనూ శుక్లాలు. మగ్గం మీద పోగు తెగితే అతనికి కనపడదు, అతకడానికి భార్య ఈరమ్మ పొయ్యి మీది అన్నం వదిలి పరుగెత్తి రావాలి. కన్ను రాకపోతే మగ్గం దించేయడమేనన్నాడు. నేత తప్ప వేరే పని ఎరగని మనిషి.

చిక్కేమిటంటే, ఎమ్మిగనూరులో అతని బీపీ నూట ముప్పై. ఆదోనిలో ఆపరేషన్‌కు ముందు చూస్తే నూట తొంభై. అంత ఉంటే కంటిలో నెత్తురు చిమ్మే ప్రమాదం ఉంటుంది కాబట్టి సర్జన్లు కత్తి ముట్టరు. వెనక్కి పంపారు. మాత్రలు ఇచ్చి మళ్లీ పంపాం, మళ్లీ అదే కథ. సర్జన్ మేడమ్ ఫోన్ చేసి, మీ బీపీ మిషన్‌ను పాత ఇనుప సామాన్ల వాడికి వేసేయండి అన్నారు. నాకు ఒళ్లు మండింది. నా సర్వీసంతటిలో నా మిషన్‌ను అంత మాట అన్నవాళ్లు లేరు!

మూడోసారి మిషన్ ఒళ్లో పెట్టుకొని నేనే వ్యాన్ ఎక్కాను. తోవ పొడవునా నాగప్ప చేతికి పట్టీ కట్టి చూస్తూనే ఉన్నాను. వెనక సీట్లోని ముసలమ్మ ఊరుకోలేక, "ఏం సార్, ఆయప్ప సెయ్యికి గాలి కొట్టుకుంటా వస్తాండావు, పంచరా?" అని అడిగింది. బీపీ మాత్రం నిక్షేపంగా ఉంది. ఆదోని మార్కెట్ యార్డు దగ్గర పత్తి లారీలు బారులు తీరి ఉన్నాయి. నాగప్ప తల వంచి మోకాళ్లలో పెట్టుకున్నాడు. మిషన్ నూట డెబ్బై చూపింది. వాంతి వస్తోందనుకొని కవరు చేతికిచ్చాను.

ఆస్పత్రిలో మేడమ్ ఇది తెల్లకోటు భయమని తేల్చారు. కొందరికి డాక్టరు కోటు చూస్తేనే బీపీ లేస్తుంది. ఆమె కోటు విప్పి, పూల చీరలో ఎదురుగా కూర్చొని, మీ వైపు వానలెట్లున్నాయని కబుర్లు మొదలుపెట్టారు. నాగప్ప వానల సంగతి చక్కగా చెప్పాడు. బీపీ దిగలేదు. అంతలో సిస్టర్ సుశీలమ్మ, మందు పడుతుందో లేదో చూసే చిన్న ఇంజక్షన్ కోసం, దూది చుట్టలోంచి ఇంత ముద్ద పీకి అతని చేతి దగ్గరికి తెచ్చింది. అంతే, నాగప్ప లేచి పరుగు! చేతికి నా పట్టీ, దాని వెనక నేల మీద ఎగురుతూ నా మిషన్, దాని వెనక మేము. గేటు బయట ఒక ఆటోలో దాక్కొని దొరికాడు. డ్రైవరు నిదానంగా, "యాడికి పోవాలన్నా?" అని అడుగుతున్నాడు.

ఈరమ్మ తలకొట్టుకుంది. "దూదంటే ఆయప్పకు సిన్నప్పట్నుంచి బయం సార్. ఇంట్లోకి పరుపు గూడా రానీడు."

నాగప్ప ఆటోలోనే కూర్చొని చెప్పాడు. వాళ్ల నాయన ఆదోని పత్తి మిల్లులో హమాలీ. నాయనకు సద్ది తీసుకుపోయిన ఏడేళ్ల నాగప్ప, సరదాగా దూది కుప్ప ఎక్కి దూకాడు. కుప్ప జారి మీద పడింది. ముక్కులో దూది, నోట్లో దూది. అరిస్తే అరుపు బయటికి రాలేదు. చచ్చిపోతున్నాననుకున్నాడు. కాళ్లు పట్టి లాగేసరికి ఒళ్లంతా తెల్లగా ఉన్నాడు. గొర్రెపిల్ల పుట్టిందిరా అని మిల్లంతా పడిపడి నవ్వింది. నాయన కూడా నవ్వాడు.

పొద్దస్తమానం నువ్వు నేసేది మరేమిటయ్యా అని అడిగాను. అతనికి కోపమొచ్చింది. "అది నూలు సార్! నూలు యేరే, దూది యేరే. నూలును మనం పట్టుకుంటాం. దూది మనల్ని పట్టుకుంటాది."

సుశీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డ్రైవరు స్టీరింగు మీద వాలిపోయాడు. నాకూ ఆగలేదు. నాగప్ప మా ముగ్గురినీ వరసగా చూశాడు. "అందుకే సార్, ఇన్నేండ్లూ యెవురికీ సెప్పల్యా," అన్నాడు.

లోపలికి వెళ్లి మేడమ్‌కు చెబితే, ఆమె నవ్వలేదు. ఆ పూటకు దూది చుట్టలన్నీ బీరువాలో పెట్టి తాళం వేయించారు. స్పిరిట్ తుడవడానికీ, ఆపరేషన్ అయ్యాక కంటి మీద కట్టడానికీ గాజ్ అనే జాలీగుడ్డ మడతలే వాడమన్నారు. ముందుగా ఒక మడత నాగప్ప చేతికిచ్చాం. వేళ్ల మధ్య రుద్ది, కంటికి ఆనించుకొని చూసి మొహం చిట్లించాడు. "యెవుడప్పా దీన్ని నేసింది? ఈగ దూరిపోతాది." ఆ గుడ్డను తిడుతూ తిడుతూనే బీపీ నూట నలభైకి దిగాడు. మేడమ్ ఆ ఊపులోనే, ముందు ఒక కంటికని, ఆపరేషన్ బల్ల ఎక్కించారు.

రాత్రికి నేనూ అక్కడే ఆగి, మర్నాడు పొద్దున కట్టు విప్పి, పద్ధతి ప్రకారం వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాను. నాగప్ప వేళ్ల జోలికే రాలేదు. "నీ కాలరు కాడ పోగు లేసింది, సూసుకో సార్," అన్నాడు. ఈరమ్మ అక్కడే గోడకు ఆనుకొని గట్టిగా ఏడ్చేసింది.

చిన్నప్పటి జడుపు మనిషితో పాటే పెద్దదవుతుందనీ, నోరు మూసుకున్నా నెత్తుటి పోటులో బయటపడుతుందనీ నాకు తెలిసింది అప్పుడే. తర్వాత బీపీ దిగని ప్రతివాళ్లనూ, మాత్రలు రాయించే ముందు, చిన్నప్పుడు దేనికి జడుసుకున్నావని అడిగేవాడిని. ఒకాయన మేకపోతన్నాడు. ఒకామె తన పెద్దత్త కట్టుడు పళ్లంది. ముఖం కదలకుండా వినడం ఈ ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ఆలస్యంగా నేర్చుకున్న పని. మరీ ఆగకపోతే చుక్కల మందు తెస్తానని చెప్పి వరండాలోకి పోయి, నవ్వుకొని, మళ్లీ వచ్చి కూర్చొని, తర్వాతేమైందని అడిగేవాడిని.