రెండోసారి అడగమన్నారు

టీచరు గారు పోయారన్న కబురు ఫోనులో వచ్చేసరికి నేను పప్పుకి తాలింపు వేస్తున్నాను. చెప్పింది ఆవిడ చెల్లెలు గారు. "అక్క ఇందాకే వెళ్ళిపోయిందమ్మా" అని, "ఆ గాలి పరుపు తర్వాత ఎవరికి పంపాలో నిన్నడగమంది" అన్నారు. స్టవ్ ఆపాను, మళ్ళీ వెలిగించాను, మళ్ళీ ఆపాను. అప్పటినుంచి చేతులు ఒకచోట నిలవడం లేదు. సర్దిన బీరువానే మళ్ళీ సర్దుతున్నాను.

మామిడికుదురు చుట్టుపక్కల ఆవిడ దగ్గర చదువుకోనివాళ్ళు తక్కువ. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బడి నుంచి రిటైరయ్యాక ఆవిడ, మంచాన పడ్డవాళ్ళ కోసం చిన్న సేవా సంఘం పెట్టారు. చక్రాల కుర్చీలు, వాకర్లు, వీపుకి పుండ్లు పడకుండా మోటారుతో నడిచే గాలి పరుపులు అడిగినవాళ్ళకి వాడుకోవడానికి ఇస్తాం. అవసరం తీరాక తెచ్చుకుని, కడిగి, ఇంకొకరికి పంపుతాం. ఏ సామాను ఎవరింట్లో ఉందో చూసుకునే పని నాది. "నీ వంటింట్లో ఆవాల డబ్బా కూడా చోటు మారదు కదమ్మా, ఇదీ నువ్వే చూడు" అని ఆవిడే అప్పగించారు.

అడిగేవాళ్ళు సంఘం ఫోనుకి వాయిస్ మెసేజీలు పెడతారు. వానలు మొదలయ్యాయంటే గోదావరి లంక ఊళ్ళ నుంచి అవి ముసురుకునేవి. మనవరాలి జ్వరంతో మొదలుపెట్టి, కొబ్బరి దింపుల మీదుగా వచ్చి, చివర్లో ఎప్పుడో వాకరు మాట ఎత్తేవారు. అన్నీ విని రాసుకునేసరికి నాకు పొయ్యి మీద ఏదో ఒకటి మాడేది. ఒకరోజు టీచరు గారు మా వరండాలో కూర్చుని, "ఈ విని రాసే పని ఏఐకి ఇచ్చి చూద్దామమ్మా" అన్నారు.

మా కార్యదర్శి గారు అక్కడే ఉన్నారు. "ఏవండీ టీచరు గారూ, మనకున్నది ఒక్క వ్యాను. అదీ తోస్తే గానీ కదలదాయె. మనకి ఏఐ ఏంటండీ?"

"వ్యాను తోయడానికి మీరున్నారు కదండీ. వినడానికే మనుషులు చాలట్లేదు."

ఆవిడ దేన్నీ ఒక్కసారిగా నెత్తికెత్తుకునే మనిషి కాదు. ఏ పని దగ్గర మాకు ఎక్కువ విసుగో అడిగి, ఆ ఒక్క పనితోనే మొదలుపెట్టారు. ముందు పాత మెసేజీలు ఇచ్చి, అది రాసినదాన్నీ నేను రాసినదాన్నీ పక్కపక్కన పెట్టి చూడమన్నారు. "కొత్త వంటమనిషికి మొదటిరోజే పెళ్ళి వంట అప్పగిస్తామా?" అనేవారు. మెసేజీలు ముందు యంత్రం వింటుందని అందరికీ చెప్పించారు. ఇష్టం లేనివాళ్ళు నేరుగా నాతోనే మాట్లాడవచ్చన్నారు. పేర్లు చెప్పవద్దని, ఊరు, అవసరం చెబితే చాలని అన్నారు. "ఎవరి నంబరు ఏదో మనకి తెలుసుగా. ఒకరి పుండు సంగతి లోకానికెందుకు?"

కొన్నాళ్ళు హాయిగా జరిగింది. ఎవరికి ఏం కావాలో, ఎవరికి ఎంత తొందరో వరసగా రాసి ఇచ్చేది. నా పప్పు మాడడం మానేసింది.

ఒకసారి మా దగ్గర ఒకే ఒక్క గాలి పరుపు ఖాళీగా ఉంది. ఏఐ రాసిచ్చిన వరసలో పైన ఉన్న ఊరికి వ్యాను పంపబోతుంటే టీచరు గారు, "ఆగమ్మా, ఆ అడుగునున్న మెసేజీ ఒకసారి వినిపించు" అన్నారు. అప్పనపల్లి వైపు నుంచి ఒకావిడ పెట్టింది.

"నమస్కారమండి. మా ఆయనకండి, వీపు కొంచెం ఒరిసిందండి. ఏం పర్లేదండి, మాకేం తొందర్లేదు. ఎవరికన్నా అవసరమైతే ముందు ఆళ్ళకే ఇవ్వండి. ఖాళీ అయినప్పుడు చూద్దురుగాని."

ఏఐ రాసింది కూడా అదే: తొందర లేదు, ముందు ఇతరులకు ఇవ్వవచ్చు.

"ఆవిడే వద్దంటే మనదేముందండీ?" అన్నారు కార్యదర్శి గారు.

"నేను మీ ఇంటికొస్తే కాఫీ తాగమంటారు కదా. నేనేమంటాను?"

"ఇప్పుడే తాగొచ్చేనంటారు."

"మీ ఆవిడ ఊరుకుంటుందా?"

"ఎందుకూరుకుంటుందండీ, మళ్ళీ అడుగుద్ది."

"అప్పుడు?"

"శుభ్రంగా తాగి, పంచదార తక్కువైందని చెప్పి మరీ వెళ్తారు."

ఆవిడ నవ్వేశారు. "మరి ఈ సంగతి దానికెవరు చెప్పేరు?"

వెంటనే ఆ నంబరుకి ఫోను కలిపారు. పరుపు కావాలా అంటే అవతలి నుంచి మళ్ళీ అదే మాట, పర్లేదండి అని. టీచరు గారు గొంతు తగ్గించి ఇంకోలా అడిగారు. "అది సరేనమ్మా, ఆయన్ని ఏ పక్కకి తిప్పి పడుకోబెడుతున్నావు?"

అవతలి నుంచి ఏడుపు. "ఏ పక్కకీ తిప్పలేకపోతన్నానండి."

కార్యదర్శి గారే వెళ్ళి వ్యాను తోశారు. పరుపు అప్పనపల్లి వైపు వెళ్ళింది. వరసలో పైన ఉన్నవాళ్ళకి టీచరు గారే ఫోను చేసి, మరో పరుపు తిరిగొచ్చేదాకా ఆగమని ఒప్పించారు.

నేనైతే ఇక ఈ ఏఐ వద్దనేశాను. ఆవిడ ఒప్పుకోలేదు. దానికి అర్థమయ్యేలా తేట తెలుగులో ఒక ఆదేశం రాయించారు. తొందర లేదన్నవాళ్ళని అడుగుకి నెట్టకు, పక్కన 'మళ్ళీ అడగాలి' అని రాయి, ఎవరు ముందో మేం తేల్చుకుంటాం అని. "మన వైపు మొదటి మాట మర్యాదకమ్మా. రెండో మాటే అవసరానికి. రాయడం దానికి వదిలెయ్. అడగడం మాత్రం వదలకు" అన్నారు. ఈ మధ్య వేరే సేవా సంఘాలవాళ్ళు ఏఐ ఎలా మొదలుపెట్టాలని అడిగితే, నేను చెప్పేది ఇదొక్కటే.

ఆ తర్వాత ఆవిడే మంచాన పడ్డారు. నాకు నేరుగా చెప్పవచ్చు కదా, చెప్పలేదు. అందరిలాగే సంఘం ఫోనుకి మెసేజీ పెట్టారు. "నాకు గాలి పరుపు కావాలండి. తొందరగానే కావాలి. రెండోసారి అడగక్కర్లేదు." నవ్వొచ్చింది. ఆవిడ అంత సూటిగా అడిగారంటే నొప్పి ఎంతుందో తట్టి, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

పరుపు వేయడానికి వెళితే మొదటి ప్రశ్న, "అది నన్నెక్కడ రాసింది?"

"అందరికన్నా పైనండి."

"చూశావా! సరిగ్గా అడిగితే సరిగ్గానే రాస్తుంది. అడగడం రానిది మనకేనమ్మా."

ఆ పరుపు ఇవాళ మా ఇంటికి తిరిగొచ్చింది. కడిగి, నీడన ఆరబెట్టి, గాలి ఎక్కడైనా పోతోందేమో చూద్దామని వరండాలో పరిచి మోటారు పెట్టాను. దిండి నుంచి ఒకావిడ అత్తగారి కోసం అడిగింది. ఏఐ ఆ ఊరి పేరు పక్కన 'మళ్ళీ అడగాలి' అని రాసింది. పొద్దున్న ఫోను చేస్తే, "పర్లేదండి, అసలే మీరు బాధలో ఉన్నారు. టీచరు గారి కార్యక్రమాలు అయ్యేకే చూద్దురుగాని" అంది. సరేనండి అని పెట్టేశాను. పెట్టినప్పటినుంచి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. అక్కడ ఆ ముసలావిడని ఏ పక్కకి తిప్పుతున్నారో.

మళ్ళీ ఫోను కలిపాను. అవతల రింగవుతోంది. వరండాలో, మనిషి లేని పరుపు మీద, గాలి గళ్ళు ఒకటి విడిచి ఒకటి మెల్లగా లేస్తున్నాయి, దిగుతున్నాయి.