పదమూడు గజాల చిన్నబ్బాయి

చిన్నబ్బాయికి దేవుడి మీద నమ్మకం ఉంది గానీ, గజం మీద ఉన్నంత లేదు. కొలవనిదే లోకంలో ఏదీ ఉన్నట్టు ఒప్పుకోడు. యాభై రెండేళ్లొచ్చినా పేరు చిన్నబ్బాయే. రాయగడ మున్సిపాలిటీలో కాలవల పక్కన సున్నం చల్లడం అతని ఉద్యోగం. ఊరి మైదానంలో ఫుట్‌బాల్ గీతలు వెయ్యడం మాత్రం, అతని భార్య అప్పమ్మ మాటల్లో చెప్పాలంటే, పట్టిన దెయ్యం.

ఆ దెయ్యం ఇంటి దగ్గర కూడా వదిలేది కాదు. అప్పమ్మ పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెడితే, పళ్లు తోముకుంటూ వచ్చి నిలబడేవాడు.

"ఉత్తరం పక్క బెత్తెడు ఎక్కువ పోనాదే."

"ముగ్గుకి ఉత్తరమేటి, దచ్చినమేటి? లచ్చిందేవి టేపు అట్టుకుని ఒస్తాదేటి?"

"రాదు. ఒచ్చినా మనింటికి రాదు."

మేనకోడలి పెళ్లిలో భోజనాల బంతి వంకరగా ఉందని, అన్నం వడ్డించేశాక అరవై మందిని లేపి విస్తళ్లు జరిపించాడు. పెళ్లికొడుకు తండ్రి అలిగి గోడవారగా చతికిలబడితే, దగ్గరికెళ్లి, "అలగండి బాబూ, మంచిదే. కాస్త ఇటు జరిగి, వరస మీద కూకుని అలగండి" అన్నాడు. ఒకసారి కప్పు ఇవ్వడానికి వచ్చిన పెద్దాఫీసరు తడి గీత మీద బూటు పెట్టాడు. చిన్నబ్బాయి చేతులు జోడించి ఒడియాలో, మహా వినయంగా, ఆయన్ని అక్కణ్ణుంచి దింపేశాడు. ఆఫీసరు ఉపన్యాసం ఆసాంతం తన కాళ్లకేసి చూసుకుంటూనే చదివాడు.

అప్పమ్మకి ఒక్కటే మొక్కు. ఈ మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి తప్పు కొలవాలి, ఆ సంగతి పదిమంది నోళ్లలో పడాలి. మజ్జిగౌరమ్మకి కొబ్బరికాయ కూడా మొక్కింది. ఇరవై ఏళ్లయినా అమ్మవారు కనికరించలేదు.

అయితే గీతల రోజున మాత్రం అప్పమ్మ నోరు దానంతటదే మూతపడేది. అతని చివాట్లు పడేవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరు గనక తాడు రెండో కొస ఆమే పట్టుకోవాలి. గజానికో ముడేసిన తాడు అది. ఈ పక్క మూడు గజాలు, ఆ పక్క నాలుగు, వాటికి అడ్డంగా అయిదు కుదిరితేనే మూల మూలైనట్టు. తర్వాత మైదానం నడిమధ్యన మేకు పాతి, పది గజాల తాడు బిగించి, సున్నం డబ్బా పట్టుకుని వెనక్కి నడుస్తూ గుండ్రంగా తిరిగేవాడు. మొదలెట్టిన చోటికే చివర వచ్చి కలిసేది. ఎక్కడ కలిసిందో కళ్లు పెట్టి వెతికినా అప్పమ్మకి దొరికేది కాదు. గోలు ముందు పెద్ద పెట్టె, దాని లోపల చిన్న పెట్టె, నాలుగు మూలల్లో గజం కొలతతో పావు చక్రాలు. గంట కిందట మేకలు మేసిన బీడే అది! ఓరి దేవుడా, ఈ మనిషి చేతుల్లో ఏముందో అనిపించేది. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంటే తప్ప ఆ గీతల మధ్యకి వెళ్లబుద్ధయ్యేది కాదు.

అన్నిటికన్నా చివర పెనాల్టీ చుక్క. గోలు గీత నుంచి పన్నెండు గజాలు. అది పెట్టేటప్పుడు చిన్నబ్బాయి ఊపిరి బిగబట్టేవాడు, పక్కవాళ్లని కూడా బిగబట్టమనేవాడు.

రెండువేల ఒకటి వానాకాలంలో ఆడపిల్లల కప్పు ఫైనల్ జరిగింది. దామంజోడి వాళ్లు ఒక గోలు ముందున్నారు. ఆఖరి నిమిషంలో రాయగడకి పెనాల్టీ వచ్చింది. కొల్నార నుంచి వచ్చిన లిప్సా, పద్నాలుగేళ్ల పిల్ల, చుక్క మీద బంతి పెట్టి తన్నింది. బంతి గోలు మీంచి ఎగిరి తుప్పల్లో పడింది. ఆట అయిపోయింది.

జనం ఊరుకుంటారా? "ఆకాశానికి గోలెట్టేసినాదిరా!" అని ఈలలు. లిప్సా బూట్లు విప్పి కోచ్ బిశ్వజిత్ ముందు విసిరేసింది. మూడు రోజుల్లో భువనేశ్వరంలో క్రీడా హాస్టల్‌కి ఎంపికలు. "నేను వెళ్లను సార్. ఇంక బంతి ముట్టను" అని వెక్కివెక్కి ఏడుస్తోంది. బిశ్వజిత్ ఎంత బతిమాలినా వినదే!

అప్పుడు చిన్నబ్బాయి సున్నం చేతులతో జనం మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

"ఆగండి బాబూ! తప్పు పిల్లది కాదు, నాది. సుక్క పదమూడు గజాల మీద ఎట్టీసినాను. కళ్లు మసకలొచ్చినాయి."

ఫలితం మారదని రిఫరీ అన్నాడు. మార్చొద్దనే చిన్నబ్బాయి కూడా అన్నాడు. గజం దూరమైతే బంతి అంత పైకెందుకు ఎగిరిందని ఎవరూ అడగలేదు, కొలిచి చూద్దామనీ ఎవరికీ తోచలేదు. చిన్నబ్బాయి కొలతని కొలిచిన మొనగాడు ఊళ్లో ఎప్పుడున్నాడు గనక!

లిప్సా తలెత్తింది. "నిజమా, మౌసా?" అంది, ఒడియాలో బాబాయిని పిలిచినట్టు.

"నిజం అమ్మీ. పన్నెండు మీదెడితే బంతి వలలో ఉండును."

పిల్ల కళ్లు తుడుచుకుని బూట్లు ఏరుకుంది. ఈలలన్నీ చిన్నబ్బాయి వైపు తిరిగాయి. సాయంత్రానికల్లా అతని పేరు పదమూడు గజాల చిన్నబ్బాయి.

జనం వెళ్లిపోయాక, ఇంకా వెలుగుండగానే అప్పమ్మ తాడు తీసుకుని గోలు దగ్గరికి వెళ్లింది. గోలు గీత మీద మేకు పాతి, కొస దానికి కట్టి లాగింది. పన్నెండో ముడి వచ్చి చుక్క నడినెత్తిన కూర్చుంది. మళ్లీ కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఇరవై ఏళ్లు మొక్కితే ఇవాళ ఊరంతా తన మొగుడు తప్పు కొలిచాడంటోంది, కాదని తెలిసింది తనొక్కర్తికే.

"నాను కొలిసినాను" అంది ఇంటికొచ్చి.

చిన్నబ్బాయి కంగారుగా వీధి తలుపు మూశాడు. "ఎవుల్తోటీ అనకే. ఆ పిల్ల ఎల్లిపోనీ."

పిల్ల వెళ్లింది, ఎంపికైంది కూడా. "ఇప్పుడైనా సెప్పేద్దునా?" అంది అప్పమ్మ.

"వద్దే. తెలిస్తే, అక్కడ తన్నే పతీ బంతికీ ఇదే గుర్తొస్తాది."

దసరా ముందు ఇద్దరూ సున్నం కోసం చంద్రశేఖరం కొట్టుకి వెళ్లారు. చంద్రశేఖరం నలుగురిలో గట్టిగా నవ్వాడు. "ఏటప్పమ్మా, మీ పదమూడు గజాలాయన ఈసారి గోలెక్కడ పాతుతాడు? మా కొట్లోనా?"

అప్పమ్మకి ఒళ్లు మండిపోయింది. నిజం నాలుక చివరిదాకా వచ్చేసింది. మొగుడికేసి చూసింది. చిన్నబ్బాయి మూట ఎత్తుకుంటూ కళ్లతోనే వద్దంటున్నాడు.

"ఆయన తప్పేటుంది బాబూ" అంది అప్పమ్మ. "తాడు నానే సరీగా అట్టుకోనేదు."

వంతెన దాటాక చిన్నబ్బాయి ఆగాడు.

"అప్పమ్మా, తాడు మాత్రం నువ్వు బాగానే అట్టుకున్నావే."

"నాకు తెల్దేటి? నడు, ఇల్లింకా దూరముంది."

ఎన్ని గజాలుందో ఆ రోజు చిన్నబ్బాయి చెప్పలేదు.