గేర్ల సైకిల్

సెలవుల్లో విశాఖ వెళ్లిన ఫణీంద్ర ఒక్క రోజులో భీమిలి తీరం నుంచి అరకు లోయ దాకా సైకిల్ తొక్కాడట. ఆ సోమవారం మాదాపూర్ ఆఫీసు గేటు దగ్గర ఇంజినీర్లంతా అతని గేర్ల సైకిల్ చుట్టూ మూగారు.

కాపలా ఉన్న సాయన్నకు ఒళ్లు మండింది. పన్నెండేళ్ల నాటి సైకిల్ మీద మదీనాగూడ నుంచి ఎండనకా వాననకా రోజూ తొక్కుకొచ్చేది తను. ఏనాడైనా ఒక్కరు శభాష్ అన్నారా?

"లోయంట, లోయ! నేను రోజు ఎక్కేది గుట్ట గాదా?" అని గొణుక్కున్నాడు.

అందరూ లోపలికి వెళ్లాక, గాలి తీసేద్దామని ఆ చక్రం పక్కన కూర్చున్నాడు. తన సైకిల్‌కైతే నట్టు తిప్పగానే బుస్సున పోతుంది. దీని వాల్వు వేరే రకం. ఎంత తిప్పినా కొంచెం కూడా గాలి పోలేదు.

"గాలి చూస్తున్నారా సాయన్న గారూ?" ఎప్పుడు తిరిగొచ్చాడో, వెనక ఫణీంద్ర నవ్వుతూ నిలబడ్డాడు. "మీరున్నారనే ధీమాగా వదిలి వెళ్తానండి. ఒక రౌండ్ వేసి రండి."

"నాకెందుకు సారూ" అంటూనే సాయన్న ఎక్కాడు. గుట్ట మీదికి కూడా అది తేలిపోతూ వెళ్లింది.

సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి బయలుదేరాడు. పన్నెండేళ్లలో మొదటిసారి తన సైకిల్ బరువనిపించింది.