లోకల్ గడిలో టిక్కు

యాదలక్ష్మి ఎత్తు ఐదడుగుల పదకొండంగుళాలు. మన్సూరాబాద్‌లో వాళ్ళ కాలనీకి ఆమె గురించి తెలిసింది అంతవరకే. అటకమీది గంగాళం దించాలంటే పిలుస్తారు, పెళ్ళి మాట వస్తే నిట్టూరుస్తారు. పదిహేనేళ్ళుగా బాస్కెట్‌బాల్ ఆడుతోందనీ, రాష్ట్ర జట్టుకు ఆరుసార్లు ఆడిందనీ, కుడి మోకాలు రెండుసార్లు వాచి తగ్గిందనీ ఎవరికీ పట్టదు. పట్టకపోయినా ఆమెకు బాధ లేదు. బుట్టలో బంతి వేస్తే ఎన్ని పాయింట్లో తెలియనివాళ్ళు కూడా వినాయక మండపంలో మైకు పట్టుకుని "మన ఆణిముత్యం" అంటారే, అప్పుడు మాత్రం ఒళ్ళు మండుతుంది.

2011 ఆగస్టులో థాయ్‌లాండ్‌లోని ఒక క్లబ్బు నుంచి పిలుపు వచ్చింది. నాలుగు నెలల సీజను, జీతం, ఉండడానికి గది. ఆమెకు ఇరవై ఏడేళ్ళు. ఆ వయసులో, ఆ మోకాలితో, ఇలాంటి పిలుపు రెండోసారి రాదు.

పిలుపుతోపాటు ఒక ఫారం వచ్చింది. దాన్ని పంపాల్సిన గడువుకు ఆమె తాను వ్యాయామం నేర్పే ప్రైవేటు బడి పిల్లలను వెంటేసుకుని వరంగల్ పోటీలకు వెళ్ళాల్సి వచ్చింది. ఫారం కింద సంతకం చేసి తండ్రి చేతిలో పెట్టింది.

"పాస్‌పోర్టు నంబరు, ఎత్తు, బరువు రాసి చైతన్యపురి నెట్ సెంటర్ల ఇయ్యి నాయినా. వాళ్ళే పంపుతరు."

తండ్రి సీతారాములు ఆర్టీసీ కండక్టరు. నల్గొండ పల్లె నుంచి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు బస్సులో నిలబడినవాడు. అక్షరాలు గుండ్రంగా రాస్తాడు. ఎత్తు రాశాడు, బరువు రాశాడు, ఆరో ప్రశ్న దగ్గర కళ్ళద్దాలు సవరించుకున్నాడు. ప్లేయర్ స్టేటస్ అని ఉంది. పక్కన రెండు గడులు: ఒకటి లోకల్, ఇంకోటి ఇంపోర్ట్.

ఆ ఏడాది తెలంగాణలో ఈ ప్రశ్నకు తడుముకునే మనిషి లేడు. ఉద్యోగానికి లోకలెవరు, సీటుకు లోకలెవరు, ఈ నగరానికి లోకలెవరు అని పొద్దున టీకొట్టు నుంచి సాయంత్రం టీవీ దాకా అదే రంధి. సీతారాములు లోకల్ గడిలో లావుగా టిక్కు కొట్టాడు. కొట్టి ఊరుకున్నా కొంత నయమే. రుజువు లేనిదే ఎవరు నమ్ముతారని, బిడ్డ నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇక్కడే చదివినట్టు బడులిచ్చిన బోనఫైడ్ సర్టిఫికెట్లన్నీ బీరువాలోంచి తీసి, తాసీల్దారు సంతకమున్న నివాస పత్రంతో సహా జత చేయించాడు.

సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బళ్ళు మూతబడ్డాయి. సీతారాములు ఎల్బీనగర్‌లో డిపోవాళ్ళు వేసిన టెంటు కింద కూర్చున్నాడు. ఒక బుధవారం క్లబ్బు జవాబు వచ్చింది. మీరు స్థానికులని పత్రాలు పంపారు, మా స్థానిక క్రీడాకారుల జాబితా నిండిపోయింది, ఖాళీగా ఉన్నది విదేశీ స్థానం ఒక్కటే, ఈ తికమక ఏమిటో ఫారం నింపినవారు వేరొకరైతే వారూ మీరూ సంతకాలు చేసి శుక్రవారంలోగా రాసి పంపండి, లేదంటే వేరొకరిని చూసుకుంటాం. మర్యాదగానే రాశారు.

యాదలక్ష్మి ఆ కాగితం అచ్చు తీయించుకుని, కోచ్‌కు ఫోనులో చదివి వినిపించి, నేరుగా టెంటుకు నడిచింది.

"ఏంది నాయినా గిది? లోకల్ అని ఎందుకు పెట్టినవ్?"

"మరేం పెట్టాలె? నువ్వు లోకల్ గాదా?"

"థాయ్‌లాండ్‌ల లోకలా?"

"ఏడికి పోయినా మనం లోకలే బిడ్డా."

పక్కనున్న డ్రైవర్ అంతయ్య చప్పట్లు కొట్టాడు. వెనక నలుగురు జై తెలంగాణ అన్నారు. టెంటు గుంజ పీకి ఎవరి నెత్తిన వేయాలో యాదలక్ష్మికి అర్థం కాలేదు.

అప్పటికే ఆమె వెనకాల కోచ్ వెంకట్రావు చేరుకున్నాడు. గుడివాడ వైపు మనిషి, బ్యాంకులో పనిచేసి దిగిపోయాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో పాతికేళ్ళుగా ఉంటున్నాడు. ఆయనకూ ఒక పాట ఉంది: మేం వచ్చాకే కదమ్మా ఇక్కడ రోడ్లయినా పడ్డాయి అని. ఆట కోర్టులో ఆ పాట విని విని యాదలక్ష్మికి చెవులు చిల్లులు పడ్డాయి. కానీ ఆమెకు బంతి పట్టడం నేర్పింది ఆయనే, ఇప్పుడు ఇంగ్లిషులో ఉత్తరం రాసి తెచ్చిందీ ఆయనే. సీతారాములు కళ్ళద్దాలు తేలేదని దాన్ని అంతయ్య చేత చదివించుకున్నాడు.

"అంతన్నా, ఇన్నవా? నా బిడ్డ లోకల్ గాదని ఆంధ్ర సారు రాసిండు. దానికింద నేను సంతకం పెట్టాలెనంట. గీ టెంట్ల కూసొని!"

"సీతారాములు గారూ," వెంకట్రావు నుదురు కొట్టుకున్నాడు, "నన్ను పాతికేళ్ళబట్టీ నాన్‌లోకల్ అంటున్నారు, నేనేమైనా కరిగిపోయానా? మీ అమ్మాయిని నాలుగు నెలలు అననివ్వండి."

"మీకు అలవాటైంది సారూ."

టెంటంతా నవ్వింది. వెంకట్రావు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

యాదలక్ష్మి నవ్వలేదు. "నాయినా, టికెట్ కొట్టేటప్పుడు ఏడ దిగుతవని అడుగుతవా, ఏ ఊరోనివని అడుగుతవా?"

"ఏడ ఎక్కిండో తెల్వకుంటె టికెట్ ఎట్ల కొడ్తనే?" అన్నాడు సీతారాములు. "రెండు స్టేజీలూ ఉండాలె. ఎక్కిన కాడ, దిగే కాడ."

కండక్టరుతో బస్సు ఉపమానం పెట్టుకోవడం యాదలక్ష్మిదే తప్పు. వెంకట్రావు మాత్రం కలం తీశాడు.

"అలాగే రాద్దామండీ. ఎక్కింది మీ దగ్గర, దిగేది వాళ్ళ దగ్గర. ఇక్కడ లోకల్ కాబట్టే అక్కడ ఇంపోర్ట్. సరేనా?"

"గట్ల రాయిర్రి. ఎక్కింది తెలంగాణ రాష్ట్రం అని రాయిర్రి."

"పాస్‌పోర్టులో ఆంధ్రప్రదేశ్ అనుంది కదండీ. రెండూ కలవకపోతే మళ్ళీ వివరణ అడుగుతారు."

"అయితే సంతకం లేదు."

"నాయినా!" యాదలక్ష్మి గొంతుకు రోడ్డు మీద ఆటోవాడు బ్రేకు వేశాడు. "నా మోకాలు ఇంకో ఏడాది ఉంటదో ఊడ్తదో తెల్వది. రాష్ట్రం ఒచ్చేదాక ఆగుమని దానికి నువ్వు చెప్తవా? గీళ్ళు చెప్తరా?"

అంతయ్య పక్కకు తిరిగి మంచినీళ్ళ క్యాను సర్దాడు. సీతారాములు కూతురి మోకాలి వంక చూశాడు. పట్టీ కింద అది రెండో మోకాలికంటే లావుగా ఉంది. ఆయన ఇన్నేళ్ళలో దాన్ని అంత దగ్గర్నుంచి చూసింది లేదు.

"రాష్ట్రం పేరే రాయకుర్రి సారూ," అన్నాడు చివరికి. "పుట్టింది నల్గొండ జిల్లా, ఇండియా అని రాయిర్రి. గది సాలు."

వెంకట్రావు కొట్టేసి తిరగరాశాడు. సీతారాములు సంతకం గుండ్రంగా పెట్టాడు, కింద బ్యాడ్జి నంబరు కూడా వేశాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. చైతన్యపురిలో కరెంటు పోయింది. యాదలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి, జనరేటరున్న నెట్ సెంటరు వెతికి, గురువారం మధ్యాహ్నానికి ఉత్తరం పంపింది. రమ్మని జవాబు శనివారం వచ్చింది.

ఇంపోర్ట్ అంటే ఏమిటో అక్కడికి వెళ్ళాక తెలిసింది. స్థానిక అమ్మాయి బంతి జారవిడిస్తే కోచ్ భుజం తడతాడు. ఇంపోర్ట్ జారవిడిస్తే ఇంకొకరి కోసం మేనేజరు ఫోను తీస్తాడు. గెలిస్తే జట్టు గెలిచినట్టు, ఓడితే పాపాల భైరవి ఆమె. మొదటి మ్యాచ్‌లో పన్నెండు నిమిషాలకే ఐదు ఫౌళ్ళు చేసి బయటికొచ్చింది. నాలుగోదానిలో ఇరవై ఆరు పాయింట్లు వేసింది. మర్నాటి పేపర్లో ఫొటో పడింది, కింద పేరు తప్పు పడింది.

జనవరి చివర్లో మోకాలు మళ్ళీ వాచింది. ఫిలిప్పీన్స్ నుంచి ఇంకో అమ్మాయి వస్తోంది, కావాలంటే ముందే వెళ్ళిపోవచ్చు, జీతం పూర్తిగా ఇస్తాం అన్నాడు మేనేజరు. ఒప్పందంలో ఇంకా పదకొండు రోజులున్నాయి, రెండు మ్యాచ్‌లున్నాయి అని రెండు వేళ్ళు చూపించింది. ఇంటికి చెప్పకుండా ఉండాల్సింది, నోరు జారి చెప్పింది.

"నొస్తె రా బిడ్డా," అన్నాడు సీతారాములు ఫోనులో. "ఆడింది సాలు. మావోళ్ళంత నీకు సన్మానం జెయ్యాలని చూస్తున్రు."

"సన్మానం గిన్మానం ఒద్దు నాయినా. వాళ్ళు బెంచి మీద కూసోబెడితే కూసుంట. నా అంతట నేనైతే రాను."

"అట్లగాదే, ఇను..."

బయట జట్టు బస్సు హారన్ కొట్టింది. ఆమె ఫోను భుజానికి చెవికి నడుమ ఇరికించుకుని, వంగి, మోకాలికి టేపు చుట్టడం మొదలుపెట్టింది. అటువైపు నాయిన ఇంకా సన్మానం గురించే చెప్తున్నాడు.