మెస్సు గుమ్మం దగ్గర రెండు నిమిషాలు

పదవీ విరమణకు ముందు ఏడాది, జులై చివరి వారంలో నన్ను కర్నూలు ఆసుపత్రి నుంచి నంద్యాలలోని ఒక కళాశాలకు డిప్యుటేషన్ మీద పంపారు. హోదా సీనియర్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్. ఇంటర్ ముగించి మొదటిసారి హాస్టల్లో చేరే పిల్లలు కొత్త జీవితానికి అలవాటు పడేలా చూడటం నా పని. ‘ఆక్యుపేషన్’ అన్న మాట చూసి ప్రిన్సిపాల్ నాకు ప్లేస్‌మెంట్ విభాగంలో కుర్చీ వేయించారు. మొదటి వారమంతా ఫైనలియర్ పిల్లల బయోడేటాలు తీసుకోవడంతోనే సరిపోయింది. మా వృత్తిలో ఆ మాటకు ఉద్యోగమని అర్థం కాదు. స్నానం, భోజనం, చదువు, నలుగురితో మాట, ఇలా మనిషి రోజూ చేసుకునే పనులన్నీ అందులోకి వస్తాయి. మనసు చెదిరితే ముందు గాడి తప్పేవి ఇవే.

ఒక పిల్ల చేరినప్పటి నుంచీ, పదకొండు రోజులుగా, మెస్సుకు రావడం లేదని వార్డెన్ హుసేన్‌బీ చెప్పింది. పేరు ప్రమీల. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే వీరాచారి కూతురు. బిస్కెట్లతో గడుపుతోంది. “ఆ ప్లేట్ల చప్పుడు, అందరూ నన్నే చూస్తాండినట్టు ఉంటాది మేడం. గుండె దడదడ కొట్టుకుంటాది. ఇంటికి పోతా,” అంది ప్రమీల, పిలిచి అడిగితే.

మానసిక వైద్యుడికి చూపించాను. మందులు అక్కర్లేదు, మీ పద్ధతి మొదలుపెట్టండి అన్నారాయన. మా పద్ధతిలో ఒక పనిని మెట్లుగా విడగొడతాం. దాన్ని గ్రేడింగ్ అంటాం. మొదటి మెట్టు, ఖాళీ ప్లేటుతో మెస్సు గుమ్మం దాకా వెళ్లి, రెండు నిమిషాలు నిలబడి, వెనక్కి రావడం. లోపలికి పోకూడదు, తినకూడదు. గదికి పెరుగన్నం పంపే ఏర్పాటు చేసి, ఈ విషయం ఎవరికీ చెప్పొద్దని హుసేన్‌బీకి చెప్పాను.

రెండు రోజులు బాగానే జరిగింది. మూడో రోజు ప్రమీల వెనక మరో ఇద్దరు ఖాళీ ప్లేట్లతో నిలబడ్డారు. నాలుగో రోజు ఆ వరస నీళ్ల ట్యాంకు దాకా సాగింది. సాంబారు నీళ్లలా ఉంటోందని ఈ పిల్ల మౌనపోరాటం చేస్తోందని హాస్టలంతా నమ్మింది. రెండు నిమిషాలయ్యాక ప్రమీల వెనక్కి తిరిగింది. అంత గుంపును చూసి కొయ్యబారిపోయింది. దాన్ని అందరూ పట్టుదల అనుకున్నారు. అరగంట ఎవరూ కదల్లేదు.

మర్నాడు ప్రమీలకు నోటీసు, ఆమె తండ్రికి కబురు వెళ్లాయి. విద్యార్థినులను రెచ్చగొట్టినందుకు హాస్టల్ నుంచి ఎందుకు తొలగించకూడదో చెప్పమన్నారు. ఇంటికి పంపితే ఆ పిల్ల మళ్లీ రాదని నాకు తెలుసు. అసలు సంగతి చెప్పడానికి ప్రమీల అనుమతి తీసుకుని, ఆమెనూ హుసేన్‌బీనీ వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. వీరాచారి పనిలోంచి అట్లాగే వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా రాతిపొడి.

“నా బిడ్డ లీడరా? ఇంట్లో ఉప్పు తక్కువైనా నోరిప్పి అడగదు. ఇంకెవురినో పిలవబోయి నన్ను పిలిచినారేమో చూడండి సార్,” అన్నాడు.

నేను జరిగింది వివరించాను. తినకుండా వెనక్కి రమ్మని చెప్పింది మీరేనా అని ప్రిన్సిపాల్ రెండుసార్లు అడిగారు. ఈ సంగతి తనకెందుకు తెలియదని హుసేన్‌బీ వైపు తిరిగారు.

“ఎవురికీ చెప్పొద్దంటిరి గదా మేడం, సారుకు గూడా చెప్పలా,” అందామె నాతో.

ప్రిన్సిపాల్ నా చేత ‘రెండు నిమిషములు నిలబడుట చికిత్సలో భాగము’ అని రాయించుకున్నారు. దాని కింద, వరసలో నిలబడిన మిగతా విద్యార్థినుల చికిత్స వివరాలు కూడా సమర్పించవలెనని రాశారు.

అప్పుడు ప్రమీల నోరు విప్పింది. “సార్, నాకు మెస్సు లోపలికి పోవాలంటే భయం. సాంబారు గురించి నాకేం తెలీదు. నేనింతవరకూ తినిందే లేదు.”

ముందు నవ్వింది వీరాచారి. ఆ తర్వాత ప్రిన్సిపాల్ నోటీసు వెనక్కి తీసుకున్నారు. సాంబారు మాత్రం మర్నాటి నుంచి చిక్కబడింది.

ప్రమీల ఒప్పుకున్నాక వరసలో నిలబడిన పిల్లలకు అసలు సంగతి చెప్పాను. “మేం ముందు పోతాం, నువ్వు నిదానంగా రా,” అన్నారు వాళ్లు. ఆ రోజు ఆమె గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని నాలుగు ముద్దలు తిని లేచింది. సెప్టెంబరు ముగిసేసరికి పూర్తి భోజనం చేయగలిగింది. రద్దీ మొదలు కాకముందే తినే అలవాటు మాత్రం ఏడాదంతా పోలేదు. పరీక్షలన్నీ రాసింది.

పొరపాటు నాది. పనిని మెట్లుగా విడగొట్టాను గానీ, అది నలుగురి కళ్ల ముందు చేసే పని అన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఏడాది మిగిలిన ప్రతి కేసు కాగితంలోనూ ఒక గడి అదనంగా గీశాను: దీన్ని ఎవరెవరు చూస్తారు, రోగి ఒప్పుకుంటే వాళ్లకు ఏం చెప్పాలి.