ముల్లు నిండుగా నిలిచిన మధ్యాహ్నం

పోయిన నెల నాయుడుపేటలో దగ్గరివాళ్ళ పెళ్ళికి వెళ్ళి, భోజనాలకు ఇంకా వేళ ఉందని హైవే పక్కన అలా నడుస్తూ ఉంటే, నా ఇరవై ఏళ్ళ వయసులో నేను పనిచేసిన రిలే స్టేషను టవరును గ్యాస్ కట్టర్లతో ముక్కలు కోసి లారీకి ఎత్తుతున్నారు. నేను కదలకుండా నిలబడిపోవడం చూసి అక్కడి మేస్త్రీ, ఏం పెద్దాయనా ఇనుం ఏమన్నా కావాల్నా అని అడిగాడు. వద్దని తల ఊపి వచ్చేశాను, ఆ పూట పెళ్ళి భోజనానికి మాత్రం కూర్చోలేదు.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, అరవైల చివర ట్రంకాల్ బుక్ చేసి, పోస్టాఫీసు బల్ల మీద పూటంతా కూర్చుని, చివరికి లైను దొరికితే ఊరంతా వినపడేటట్టు అరిచి మాట్లాడిన రోజులవి. మద్రాసు నుంచి నెల్లూరుకు తీగ లేకుండా, టవరు నుంచి టవరుకు గాలిలో మాటలు పంపడం అప్పుడప్పుడే మొదలైంది, మధ్యలో ఉన్న స్టేషన్లలో మాదొకటి. దక్షిణం నుంచి వచ్చిన మాటల తరంగాన్ని కిందికి దించి, బలం పోసి, మళ్ళీ పైకెక్కించి ఉత్తరానికి పంపడం మా పని. ఆ పైకెక్కించే పెట్టెను అప్ కన్వర్టరు అనేవాళ్ళం. మాటలు మోసే చిన్న తరంగాన్నీ, స్టేషనులో పుట్టించిన పెద్ద తరంగాన్నీ అందులో కలిపితే రెండు కొత్తవి పుడతాయి, ఒకటి ఆ రెంటి కూడిక, ఇంకొకటి తీసివేత. మాకు కావలసింది కూడిక ఒక్కటే. పెట్టెకున్న మరలు తిప్పి దాన్ని ఉంచుకుని, రెండోదాన్ని అడ్డుకోవాలి. తీసివేత బయటికి పోయిందా, బయటికి పోయే బలాన్ని చూపే మా మీటరు ముల్లు బ్రహ్మాండంగా లేస్తుంది కానీ అవతలి స్టేషనుకు ఒక్క ముక్క చేరదు.

అందుకే మరలు ముట్టుకున్న ప్రతిసారీ వేవ్ మీటరు అనే ఇంకో పరికరం పెట్టి, పోతున్నది ఏదో తేల్చుకోవాలని మాకు నేర్పారు. అది చెక్కపెట్టెలో భద్రంగా ఉండేది. సముద్రపు ఉప్పుగాలికి ఆ స్టేషనులో చెడనిది లేదు. తరంగాలు పోయే గొట్టాల్లోకి తేమ దిగకుండా నీలం రంగు గుళికలు పెట్టేవాళ్ళం, అవి తేమ పీల్చి గులాబీ రంగుకు తిరిగితే, వడియాలు ఎండబెట్టినట్టు పళ్ళెంలో పోసి హీటరు మీద వేయించి మళ్ళీ నీలం చేసేవాళ్ళం. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. మన పని మాటలు మొయ్యడమేగానీ వినడం కాదు, ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారో అడగకూడదు అని మా ఇంజనీరు మొదటి రోజే చెప్పాడు. నేను దాన్ని వేదంలాగా పాటించాను.

మాది వాకాడు అవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెం. నన్ను కన్నతల్లి నేను పాకే వయసులోనే పోతే, అక్క పెంచింది. అక్క అంటే అక్క ఒక్కతే కాదు, బావ కూడా. వానలకు స్వర్ణముఖి పొంగినప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని, పలకా పుస్తకాలూ తన నెత్తిన పెట్టుకుని, ఏరు దాటించి బడిలో దింపి, తిరిగి వచ్చి తెప్ప వేసుకుని వేటకు పోయిన మనిషి ఆయన. మా వాళ్ళలో వల పట్టకుండా స్క్రూడ్రైవరు పట్టిన మొదటివాణ్ణి నేనే. మా తమ్ముడు ఆకాశంలో మాటలు పంపుతాడు అని అక్క చెప్పుకుని తిరుగుతుంటే, నాకు నిజంగానే ఆకాశంలో ఉన్నట్టుండేది. ఆ గర్వమే నా కొంప ముంచింది.

అది కార్తీకమాసం. పొద్దుటి నుంచి ముసురు, ఉండుండి ఒక విసురు గాలి. రైలుకట్ట పక్కనున్న పాత తీగలు ఎక్కడో తెగి, నెల్లూరుకు పోవలసిన మాటలన్నీ మా మీదే పడ్డాయి. పదిన్నర ప్రాంతంలో ఉత్తరం వైపు అప్ కన్వర్టరులో డయోడు పోయింది. ఇంజనీరు ఊళ్ళో లేడు. నేనే కొత్తది వేసి, మరలు తిప్పుతూ పోతే, ముల్లు నేనెన్నడూ చూడనంత ఎత్తుకు లేచి నిలబడింది. పావుగంటలో ముగించానని చేతులు తుడుచుకుని, వాచ్‌మన్‌ను టీ తెమ్మన్నాను. చెక్కపెట్టె జోలికి పోలేదు.

మా స్టేషన్లవాళ్ళం మాట్లాడుకోవడానికి అదే తరంగాల మీద ఒక లైను ఉండేది. అందులో నెల్లూరువాడి గొంతు వస్తూనే ఉంది. "నాయుడుపేటా, ఏందబ్బయా, మాకేం వినపళ్ళా. ఒక్క ముక్క రాలా." వాడి మాట నాకు వస్తోంది, నా మాట వాడికి పోవడం లేదు. పోదని తెలిసి కూడా, మీ రిసీవరు చూసుకోండయ్యా, నా ముల్లు ఇక్కడ నిండుగా ఉంది అని అరిచాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడు ఉంటాడే, ఆ రోజు వాణ్ణి నేనే. తప్పు ఎప్పుడూ పక్క స్టేషనువాడిదే అనడం మా ఉద్యోగంలో అందరికీ ఉన్న జబ్బు. మద్రాసువాడు రెండుసార్లు పిలిచి, నెల్లూరుకు అర్జెంటు ట్రంకాలొకటి ఆగి ఉంది, తొందరగా చూడమన్నాడు. అదేం ట్రంకాలని నేను అడగలేదు.

టీ గ్లాసు నా ముందు పెట్టి, వాచ్‌మన్ మాత్రం ఒక మాటన్నాడు. "ఇంజనీరయ్య పెట్టె ముట్టుకున్నప్పుడల్లా ఆ చెక్కపెట్టె దించతాడు గదయ్యా, మీరు దించలేదే?" చదువు రాని మనిషి నాకు పాఠం చెప్పడమేమిటని కసిరి పంపాను. అప్పుడు పన్నెండు కూడా కాలేదు. దించి ఉంటే పది నిమిషాల పని.

మూడు దాటాక, తిప్పడానికి ఇంకేమీ మిగలక, ఎవరూ చూడకుండా ఆ పెట్టె దించాను. వేవ్ మీటరు పెట్టి చూస్తే, అది పట్టిన అంకె మాది కాదు. నాలుగున్నర గంటలుగా నేను తీసివేతను పంపుతున్నాను. మరలు వెనక్కి తిప్పుకుంటూ వచ్చాను. సరైన చోటికి వచ్చేసరికి ముల్లు సగానికి దిగి, ఏ గొప్పా లేకుండా నిలబడింది. వెంటనే నెల్లూరువాడు, "ఆఁ, ఇప్పుడు బాగా వినపడతా ఉండాది. ఏం చేసినావబ్బయా?" అన్నాడు. లూజు కనెక్షనన్నాను. లాగ్ బుక్కులోనూ అదే రాశాను.

ఆగిన ఆ ట్రంకాల్ తుఫాను హెచ్చరిక. ఆ సంగతి నాకు తుఫాను కొట్టిన మూడో రోజు, తెగిన రోడ్ల మీద నడిచి పాళెం చేరాక తెలిసింది. పంచాయతీ రేడియోకు బ్యాటరీ లేక అది మూగబోయి నెలయింది. మావాళ్ళలో దురాయి అని ఒకటుంది, పాళెం పెద్దలు దురాయి వేస్తే ఎంతటివాడైనా తెప్ప నీళ్ళలోకి దించకూడదు. మా కులపెద్ద ఇసుకలో కూర్చుని, తలెత్తకుండా చెప్పాడు. "మన తెప్పలు రెండుగంటలకు పొయినాయి నాయనా. వాకాడు నుంచి మనిషి సైకిలేసుకోని వచ్చేటప్పటికి పొద్దు గూకతా ఉండాది. నెల్లూరికే మద్దేనం మూడు దాటిందాకా కబురు రాలేదంట. ఒంటిగంటకొచ్చుంటే దురాయి యేసి ఆపుండేవాళ్ళం."

ఆరు తెప్పలు పోతే నాలుగు తిరిగి వచ్చాయి. మా బావది రాలేదు, మనిషీ దొరకలేదు.

అక్క గుడిసె పైకప్పు ఎగిరిపోయింది. తడిసిన గోడకు ఆనుకుని కూర్చున్న అక్క నా చెయ్యి పట్టుకుని ఏడవలేదు, నన్నే ఓదార్చింది. "నీకు ముందే తెలిసుంటే పరిగెత్తుకోని వచ్చేవాడివి గదా తమ్ముడా. నీకేం తెలస్తాది." ఆ మాటకు నేను అవునన్నట్టు తల ఊపాను. అలా తల ఊపినందుకు ఇన్నేళ్ళుగా నన్ను నేను క్షమించుకోలేదు. మరలు తిప్పడంలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. తల ఊపడం పొరపాటు కాదు.

తరువాత ఎన్నో స్టేషన్లు మారాను, కింది ఉద్యోగులకు ఆ పెట్టె సంగతి పాఠంగా చెప్పాను, ముల్లును నమ్మొద్దని చెప్పాను, ఎందుకు నమ్మకూడదో మాత్రం చెప్పలేదు. పాళేనికి వెళ్ళిన ప్రతిసారీ ఈసారి అక్కకు చెప్పేస్తానని దారంతా మాటలు కూర్చుకునేవాణ్ణి. గుమ్మంలో అడుగు పెట్టగానే, తమ్ముడొచ్చాడని వంజరం చేప ముక్కలు వేయించడానికి లేచేది. తినేసి వచ్చేవాణ్ణి. నిజం చెబితే ఆ పళ్ళెం నాకు దొరకదేమోనని భయం, ఇంతకంటే గౌరవంగా చెప్పుకోవడానికి నా దగ్గర కారణమేదీ లేదు.

ఇప్పుడు గాలి తిరిగిందంటే చాలు, హెచ్చరిక తెలుగులో నేరుగా పడవలో ఉన్నవాడి జేబులోకే వచ్చి మోగుతుంది. మధ్యలో మరలు తిప్పేవాడు లేడు, వాడి గర్వమూ లేదు. చాలా మంచిదే, చేతులెత్తి దణ్ణం పెడతాను. ఒక్కొక్కప్పుడు మాత్రం ఆ ఫోన్లు మోగుతుంటే, ఈ మంచి రోజులు నా పాపం తరువాతే ఎందుకు వచ్చాయని నాలో నేనే గొణుక్కుంటాను. అక్క పోయి రెండేళ్ళయింది. సముద్రమే తన మొగుణ్ణి తీసుకుందని చివరిదాకా నమ్మింది. ఆ తప్పుకు నన్ను నిలబెట్టి తిట్టగలిగిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. ఇప్పుడు నోరు విప్పుతున్నాను, తిట్టేవాళ్ళు లేరు.