ఆయుధ పూజ నాడు గుచ్చిన తీగ

మా పట్టుగూళ్ల మార్కెట్లో వేలం ఆగిపోయిన రోజు గురించి నా డైరీలో నాలుగు పంక్తులున్నాయి. ఆరంభం: పదకొండు గంటల పది నిమిషాలు. ముగింపు: ఒంటిగంట ముప్పై ఐదు. పోయిన సమయం: రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. కారణం: ఊడ్చే మనిషి తీగను తప్పుచోట గుచ్చడం. నాలుగోది అబద్ధం కాదు గాని, నిజంలో సగమే. ఆ సగాన్ని ఎంచుకున్నది నేను.

అక్కడి కంప్యూటర్లనూ వాటి తీగలనూ చూసుకోవడం నా ఉద్యోగం. తూకం గది, వేలం హాలు తీగలన్నీ స్విచ్ అనే ఒక పెట్టెలో కలుస్తాయి. అందులో స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు ఉంటుంది. ఎవరైనా ఒకే తీగ రెండు కొసలనూ ఆ పెట్టెలోనే గుచ్చితే, అది కనిపెట్టి ఒక దారిని మూసేస్తుంది. ఆ కాపలా లేకపోతే ఒకే సమాచారం గిరగిరా తిరుగుతూ పెరిగిపోయి, మిగతా దేనికీ దారి ఇవ్వదు. అయితే కొత్తగా ఏది కలిపినా, కరెంటు పోయి వచ్చినా ముప్పై సెకన్లు పరీక్షించాకే అది దారి తెరుస్తుంది.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తూకం గుమాస్తా ఆ ముప్పై సెకన్లకు గొణిగేవాడు. "ఏమన్నా, నీ పెట్టెలో పచ్చదీపం వెలిగేలోపల ఈ గూళ్లల్లో పురుగులకు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి!" రైతులు నవ్వేవారు. తూకం గదికి వెళ్లే తీగలకు మాత్రమే ఆ నిరీక్షణ తీసివేసే వీలుంది. ఒక్కోదానికీ విడిగా ఆదేశం రాయాలి. ఇరవై నిమిషాల పని. ఆగస్టులో ఒక గురువారం నేను పెట్టె మొత్తానికీ స్పానింగ్ ట్రీనే ఆపేశాను. ఒక్క పంక్తితో అయిపోయింది. గుమాస్తా టీ తెప్పించాడు.

ఆయుధ పూజ నాడు మార్కెట్ ఊడ్చే ఆమె కాటాలతో పాటు నా పెట్టెనూ తుడిచి కుంకుమ పెట్టింది. పరీక్షల కోసం నేను ఒక కొస పెట్టెలో గుచ్చి, రెండోది వేలాడదీసి ఉంచిన తీగను అదే పెట్టెలోని ఖాళీ రంధ్రంలో గుచ్చింది. కొబ్బరికాయ కొట్టి వేలం మొదలుపెట్టబోతే ధరలు చూపే కంప్యూటర్ తెర ఒక్కటీ కదలలేదు. నల్లమాడ, గోరంట్ల వైపు రైతులు తమ గూళ్ల ముందే నిలబడ్డారు. ఆరేకొద్దీ గూళ్ల తూకం తగ్గుతుంది. నేను తీగలు ఒక్కొక్కటే పీకుతూ పోయాను. పందొమ్మిదోది పీకగానే అన్నీ కదిలాయి.

"ఎవరు పెట్టారు దీన్ని?" అన్నాడు మార్కెట్ అధికారి.

"నేనే సార్. పండగపూట ఏలాడతాంటే బాగుండదని పెట్టినా. చెడిపోతాదని నాకు తెల్దు."

"పూజ చేసి కొంప ముంచితివి కదమ్మా!" అన్నాడు వెనకనుంచి ఒక రైతు.

అధికారి నా వైపు తిరిగాడు. "ఇదేనా కారణం?"

"ఇదే సార్," అన్నాను.

మరునాటి నుంచి రావద్దని ఆమెకు చెప్పారు. ఆ సాయంత్రం నేను స్పానింగ్ ట్రీని మళ్లీ పెట్టి, తూకం గది తీగలకు మాత్రం నిరీక్షణ తీసేశాను. పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

జనవరిలో గూళ్లనుంచి పట్టుదారం తీసే ఒక రీలింగ్ షెడ్డుకు పనిమీద వెళ్తే ఆమె అక్కడ కనిపించింది. గూళ్లు ఉడికే తొట్టి ముందు కూర్చుని ఉంది. నానిన వేళ్లు తెల్లగా పాలిపోయాయి.

"ఏమప్పా, నీ పెట్టె బాగుండాదా? నా చెయ్యి పడనందుకు సుఖంగా ఉండాదేమో!"

"అక్కా, తప్పు నీది కాదు. అట్లా గుచ్చినా ఏమీ కాకుండా ఆపేది ఒకటి అందులో ఉంటుంది. దాన్ని నేనే తీసేసినాను."

ఆమె తొట్టిలోంచి ఒక పోగు కొస పైకి లాగి, అప్పుడు తలెత్తింది.

"ఆ పొద్దు సార్ అడిగినప్పుడు నువ్వు నా పక్కనే ఉంటివి కదా?"

"ఉన్నాను."

"మరి ఈడికొచ్చి నాకెందుకు చెప్తాండావు? ఆయప్పకు చెప్పింటే నాకు పనన్నా మిగిలేది."

మరునాడు జరిగినదంతా రాసి ఇచ్చాను. ఆ అధికారి అప్పటికే బదిలీ అయ్యాడు. కొత్తాయన చదివి, "ఇప్పుడెందుకండీ ఇదంతా?" అంటూ ఫైల్లో పెట్టాడు. కిటికీ అవతల, ఆమె స్థానంలో వచ్చిన మరొకామె హాలు ఊడుస్తోంది. డైరీలో నాలుగో పంక్తి కొట్టేసి, అక్కడ నా పేరు రాసుకున్నాను. ఆమెకు అది ఎందుకూ పనికిరాదు.